ఆ వంటగదిలో ఇప్పుడు వండుతున్నది ఎవరు?

ప్రశ్న: అక్కయ్య గారూ, నా వయసు 54. కొత్తపేటలో పదిహేనేళ్లు కర్రీ పాయింట్ నడిపాను. ఈమధ్యే దాన్ని మా తమ్ముడి కొడుక్కి అప్పగించాను. అమ్మాయి పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఏజెన్సీ వివరాలు వచ్చాయి. దక్షిణాఫ్రికాలో డర్బన్ శివార్లలో అరవై మంది పిల్లలున్న శిశు సంరక్షణ కేంద్రం ఉందట. దాని వంటగదిలో పన్నెండు వారాలు స్వచ్ఛందంగా వండిపెట్టాలి. బసకు, భోజనానికి, నమోదుకు కలిపి 1,85,000 రూపాయలు కట్టాలన్నారు. విమానం టికెట్ వేరే. వీసా సంగతి అడిగితే టూరిస్టు వీసా చాలన్నారు. 'సేవ చేయాలనుంటే మన వీధి అంగన్‌వాడీ కనిపించలేదా?' అని మా అమ్మాయి కోప్పడుతోంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. బీపీ మాత్రలు వేసుకుంటాను. వెళ్లనా, మాననా?
ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: చెల్లెమ్మా, వెళ్లండి. కానీ ఆ ఏజెన్సీ చెప్పిన పద్ధతిలో మాత్రం వెళ్లకండి. డబ్బు ఇంకా కట్టలేదనే అనుకుంటున్నాను. కింద అడగమన్న వాటికి జవాబులు కాగితం మీద వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా కట్టకండి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ముందుగా తేల్చుకోవలసినది ఒకటుంది. సాయంత్రమయ్యేసరికి ఆ పిల్లలు ఇళ్లకు వెళ్తారా, రాత్రికి కూడా అక్కడే పడుకుంటారా? తల్లులు పనికి పోతూ పొద్దున దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లే చోటును అక్కడ క్రెష్ అంటారు. అలాంటిదైతే మనం మాట్లాడుకోవచ్చు. పిల్లలు అక్కడే ఉండిపోయే అనాథాశ్రమమైతే మాత్రం ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి. నేపాల్, కంబోడియా లాంటి దేశాల్లో విదేశీ వాలంటీర్లు కట్టే డబ్బు కోసమే ఆశ్రమాలు పుట్టుకొచ్చాయి. తల్లో తండ్రో బతికే ఉన్న పిల్లలను, బాగా చదివిస్తామని నమ్మబలికి పల్లెల నుంచి తెచ్చి 'అనాథలు'గా చూపించారు. ఆస్ట్రేలియా పార్లమెంటు 2017లో దీనిపై విచారణ జరిపింది. మరుసటి ఏడాది ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఈ దందాను కూడా అందులో లెక్కలోకి తీసుకుంది. అనాథాశ్రమాల్లో వాలంటీర్ల రాకపోకల వల్ల పిల్లలకు జరిగే హానిని అరికట్టాలని 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా తీర్మానించింది. మంచి మనసుతో వెళ్లినవాళ్ల డబ్బే ఆ పిల్లలను ఇంటికి దూరం చేసింది. అందుకే ఈ ప్రశ్నను మొహమాటం లేకుండా అడగండి.

రెండో ప్రశ్న నాకు మరీ ముఖ్యం. ఆ వంటగదిలో ఇప్పుడు వండుతున్నది ఎవరు? అరవై మంది పిల్లలున్న చోట పొయ్యి మీ కోసం ఎదురుచూస్తూ చల్లారి ఉండదు. ఈ పూట కూడా ఎవరో ఒకరు వండుతూనే ఉంటారు. ఆమెకు జీతం ఇస్తున్నారా? మీరు వెళ్లాక ఆ పన్నెండు వారాలూ ఇస్తారా, లేక 'ఇండియా నుంచి ఒకావిడ ఊరికే వండడానికి వస్తోంది, నువ్వు తర్వాత రా' అంటారా? దక్షిణాఫ్రికాలో పని కోసం వెతికేవాళ్లలో దాదాపు ముగ్గురికొకరికి పని దొరకదు. క్రెష్‌లో వంట చేసే ఆడమనిషికి వచ్చే ఆ కాస్త జీతం మీదే ఒక ఇల్లు గడుస్తుంటుంది. నమోదైన కేంద్రాల్లో పేద పిల్లల కోసం ప్రభుత్వం తలకు రోజుకు ఇంతని ఇస్తుంది. చాలా ఏళ్లు అది 17 రాండ్ల (రాండ్ అంటే అక్కడి డబ్బు) దగ్గరే ఉండిపోయింది. 2025లో 24కు పెంచారు. మన లెక్కలో నూరు రూపాయలు కాస్త దాటుతుంది. తిండి, జీతాలు, నడిపే ఖర్చులు అన్నీ అందులోంచే రావాలి. అంత ఇరుకులో ఉన్న నిర్వాహకులకు జీతం అడగని వంటమనిషి దొరికితే ఎవరి జీతం ఆపుతారో మీకు నేను చెప్పనక్కరలేదు. పదిహేనేళ్లు కొట్టు నడిపిన మనిషి మీరు.

కాబట్టి వెళ్తే ఆమె పక్కన నిలబడడానికి వెళ్లాలి, ఆమె స్థానంలోకి కాదు. ఈ మాట మీద ఇంత పట్టు ఎందుకో చెబుతాను.

నేను అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో, సికింద్రాబాద్ వైపు ఒక కేంద్రానికి కొందరు వాలంటీర్లు ఆరు వారాలు వచ్చారు. బుద్ధిమంతులు, పనికి వెనుదీయనివాళ్లు. పప్పన్నం ఒక్కటే రోజూ ఏమిటని జాలిపడి, సొంత డబ్బులతో సామాను తెచ్చి, ఒకరోజు వెన్న వేసి పలావు, ఒకరోజు టమాటా సాసు పోసి నూడుల్స్ చేసి పెట్టారు. పిల్లలు పళ్లాలు నాకి మరీ తిన్నారు. వాళ్లు వెళ్లిపోయిన మరుసటి సోమవారం నేను ఆ కేంద్రానికి వెళ్లాను. పన్నెండున్నర దాటింది. పళ్లాల్లో పప్పన్నం ముద్దలు కలిపినవి కలిపినట్టే ఉండి, పైన ఆరి, పెచ్చు కట్టాయి. నాలుగేళ్ల పిల్లవాడొకడు పళ్లేన్ని కాలితో దూరం నెడుతూ 'ఎర్రది కావాలి' అని ఏడుస్తున్నాడు. ఆయమ్మ గరిటె చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పదకొండేళ్లుగా అదే పప్పు వండుతున్న మనిషి నా మొహంలోకి చూసి 'నా చేతి వంట పాడైపోయిందా మేడమ్?' అని అడిగింది. పిల్లలు మళ్లీ దారిలో పడడానికి మూడు వారాలు పట్టింది. ఆ నెల తూకాల్లో నలుగురు పిల్లల గీత కిందికి దిగింది. ఆ వాలంటీర్లకు ఇదేమీ తెలియదు. వాళ్ల ఫోనుల్లో పిల్లల నవ్వులే ఉండిపోయి ఉంటాయి.

మీ చేతి గుత్తివంకాయకు కొత్తపేటలో ఎంత గిరాకీ ఉండేదో నేను ఊహించగలను. కానీ డర్బన్‌లో మీరు వండేది, మీరు వచ్చేశాక ఆ వంటావిడ అదే గిన్నెలో, అదే సరుకుతో, అదే ఖర్చుకు వండగలిగినదై ఉండాలి. కాకపోతే ఎంత రుచిగా ఉన్నా వండకండి.

అక్కడి తిండి మీకు మరీ కొత్తగా ఉండదు. వాళ్ల ముఖ్యమైన ఆహారం మొక్కజొన్న పిండితో చేసే పాప్. మన జొన్న సంకటికి దగ్గరి చుట్టం. పొద్దున జావలా పలుచగా, మధ్యాహ్నం ముద్దలా గట్టిగా వండుతారు. డర్బన్ ఉన్న క్వాజులు-నటాల్ ప్రాంతంలో పొడిపొడిగా కూడా వండి దాన్ని ఫూతు అంటారు. అందులో అమాసి పోసుకుని తింటారు. అమాసి అంటే పులిసి గట్టిపడిన పాలు. పెరుగన్నం తిని పెరిగిన మనకు దాని సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. సాంప్ అనే దంచిన మొక్కజొన్నలను బీన్స్‌తో కలిపి ఉడికించే వంటకం కూడా ఉంది. వెళ్లిన మొదటి పది రోజులు గరిటె మీ చేతిలోకి తీసుకోకండి. కూరగాయలు తరగండి, గిన్నెలు తోమండి, ఆమె పిండి ఎప్పుడు పోస్తుందో, మంట ఎప్పుడు తగ్గిస్తుందో చూడండి. ఉండ కట్టకుండా సంకటి గెలకడం చేయి తిరిగిన పని. అందులో ఆమే గురువు, మీరు శిష్యురాలు.

మరి మీరు ఇవ్వగలిగింది ఏమీ లేదా అంటే, బోలెడుంది. అరవై మందికి ఎన్ని కిలోల బీన్స్ నానబెట్టాలి, సంత ముగిసే వేళకు కూరగాయలు ఎంత తగ్గుతాయి, ఏ సరుకు వారానికి కొనాలి, ఏది నెలకు కొనాలి, గ్యాసు ఎక్కడ వృథా అవుతోంది అన్నవి మీకు వేళ్ల మీద లెక్క. చిన్న వంటగదులు చితికిపోయేది రుచి దగ్గర కాదు, ఈ లెక్కల దగ్గరే. ఒక నోటు పుస్తకం పెట్టి, ఆ వంటావిడతో కలిసి నెల రోజుల ఖర్చు రాయండి. మీరు వచ్చేశాక కూడా అక్కడ నిలిచేది ఆ పుస్తకమే. పప్పుల సంగతికి వస్తే, ఇక్కడి నుంచి సంచులు మోసుకెళ్లకండి. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటల కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ వేలల్లో ఉన్నారు. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. కందిపప్పు, చింతపండు, కరివేపాకు ఆ ఊళ్లో దొరుకుతాయి. అయితే వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడతారు. తెలుగుతో నెట్టుకురావచ్చనుకోకండి.

ఇంగ్లీషు అంతంతమాత్రమన్నారు. వంటగదికి సరిపడా మాటలు రెండు వందలుంటాయేమో. నెల రోజుల్లో పట్టుబడతాయి. జులూలో పలకరింపు 'సావుబోనా'. నిన్ను చూస్తున్నాం అన్నది దాని అసలు అర్థం. మీ వయసు చూసి పిల్లలు 'గోగో' అనవచ్చు. అంటే అమ్మమ్మ. కానీ ఒకచోట మాత్రం భాష అంతంతమాత్రంగా ఉంటే కుదరదు. ఏ పిల్లకు వేరుశనగ పడదు, ఏ పిల్లవాడికి పాలు పడవు అన్నది పూర్తిగా అర్థమయ్యేదాకా అడిగి, తెలుగులో రాసి పొయ్యి పక్కన అంటించుకోండి. కొందరు పిల్లలు రోజూ మందులు వేసుకుంటారు. ఏ జబ్బుకు అని అడగకండి. వాళ్ల భోజనం వేళ మాత్రం తప్పనివ్వకండి.

ఇక కర్రీ పాయింట్ చేయి మానుకోవలసిన అలవాట్లున్నాయి. పైకి నూనె తేలాలన్న పట్టింపు, సాయంత్రం గిరాకీ కోసం వేసే ఘాటు, కాస్త ఎక్కువ పడే ఉప్పు పిల్లల దగ్గర పనికిరావు. టేస్టింగ్ సాల్ట్ మీ కొట్లో వాడారో లేదో నాకు తెలియదు, అక్కడ మాత్రం ముట్టుకోకండి. పోపులో ఎండుమిరప ముక్కలు వేయకండి. అయిదేళ్లలోపు పిల్లలకు వేరుశనగ గుళ్లు గుళ్లుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. పచ్చి క్యారెట్‌ను తురమాలి, లేదా మెత్తగా ఉడికించాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ నాకిస్తున్నారు, అది వేరే పోరాటం. మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర కలిపే అలవాటు ఇంట్లో ఎలా ఉన్నా, పిల్లల వంటగదిలో ఉండకూడదు. వండిన అన్నం గది వేడిలో ఉండిపోతే అందులో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి, లేదా రెండు గంటల్లోపు 5 డిగ్రీల కన్నా చల్లటి ఫ్రిజ్‌లోకి పోవాలి. మధ్యలో ఉంచకూడదు.

ఫ్రిజ్ అన్నాను కాబట్టి ఆ దేశంలోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 2018 జనవరిలో జొహన్నెస్‌బర్గ్ పక్కన సోవెటోలోని ఒక క్రెష్ నుంచి అయిదేళ్లలోపు పిల్లలు కొందరు కడుపు జబ్బుతో ఆసుపత్రికి వచ్చారు. అప్పటికి నెలల తరబడి లిస్టీరియా అనే సూక్ష్మజీవి దేశమంతటా మనుషులను బలిగొంటోంది. ఎందులోంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆరోగ్య సిబ్బంది ఆ క్రెష్‌కు వెళ్లి ఫ్రిజ్ తెరిచి, అందులో ఉన్న పోలోనీని పరీక్షకు పట్టుకెళ్లారు. పోలోనీ అంటే మాంసాన్ని మెత్తగా చేసి చుట్టలా కట్టి అమ్మే చవక తిండి. పలుచగా కోసి రొట్టెలో పెట్టి పిల్లలకు ఇస్తారు. అక్కడ తీగ లాగితే డొంకంతా కదిలింది. అది తయారైన ఫ్యాక్టరీని మార్చి 4న ప్రభుత్వం బయటపెట్టింది. మొత్తం మీద వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, రెండు వందల మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో పొత్తిళ్లలోని పసికందులు ఎందరో ఉన్నారు. అంత పెద్ద దేశానికి జవాబు దొరికింది ఒక పిల్లల వంటగది ఫ్రిజ్‌లో! మీరు వెళ్లిన మొదటి రోజే ఆ ఫ్రిజ్ తెరిచి చూడండి. ఏ డబ్బా మీద తేదీ ఉంది, పచ్చి మాంసం ఏ అరలో ఉంది, చల్లదనం కొలిచే థర్మామీటర్ ఉందా చూడండి. లేకపోతే మీ డబ్బులతో కొని పెట్టండి. అంతకంటే మంచి కానుక మీరు ఇవ్వలేరు.

కాగితాల సంగతి. టూరిస్టు వీసా చాలన్నవాళ్లను నమ్మకండి. స్వచ్ఛంద సేవకు దక్షిణాఫ్రికా వలస చట్టంలో విడిగా అనుమతి ఉంది. దరఖాస్తులోనే ఆ పని, ఆ సంస్థ లేఖ ఉండాలి. తేడా వస్తే వెనక్కి పంపేది మిమ్మల్ని, ఏజెన్సీని కాదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. పిల్లల దగ్గర పనిచేసేవాళ్ల పేర్లను, పిల్లల మధ్య పనికి తగరని తేలినవాళ్ల జాతీయ రిజిస్టర్‌తో సరిచూడాలని అక్కడి పిల్లల చట్టం చెబుతుంది, దానికి ఫారం 30 అని ఒకటుంది. నేను ఆ కేంద్రాన్ని అంచనా వేసే కొలత కూడా ఇదే. ముక్కూ మొహం తెలియని మనిషి పిల్లల మధ్యకు వస్తుంటే ఈ కాగితాలేవీ అడగలేదంటే, ఆ చోటు ఎవరినైనా రానిస్తుందన్నమాట. టికెట్ చవకని ఎల్లో ఫీవర్ ఉన్న దేశం మీదుగా తీసుకుంటే, అక్కడ ఆగే సమయం పన్నెండు గంటలు దాటితే టీకా పత్రం కావాలి. మన ఊళ్లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో ఆ టీకా వేస్తారు, ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. బీపీ మాత్రలు పన్నెండు వారాలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి. ఇక్కడ ఎండలు మండే రోజుల్లో బయలుదేరితే అక్కడ చలికాలంలో దిగుతారు. డిసెంబరు నడిమి నుంచి అక్కడ బడులకు పెద్ద సెలవులు, క్రెష్‌లూ చాలావరకు మూసే ఉంటాయి. ఆ నెల పెట్టుకోకండి.

డబ్బు లెక్క మీరే వేసి చూడండి. 1,85,000ను 84 రోజులకు పంచితే రోజుకు 2,200 రూపాయలు. అందులో క్రెష్‌కు ఎంత చేరుతుందో లెక్క రాసిమ్మని అడగండి. నీళ్లు నమిలితే వదిలేయండి.

మీ అమ్మాయి మాటలో కోపం కన్నా బెంగ ఎక్కువ ఉందేమోనని నాకనిపిస్తోంది. ఆమె అన్నదాంట్లో నిజమూ ఉంది. అయితే అంగన్‌వాడీనా, డర్బనా అని తూకం వేయక్కరలేదు. ముందు ఇది, తర్వాత అది. మీ వీధి కేంద్రంలో టీచరమ్మను, సూపర్‌వైజరును అడిగి నెల రోజులు రోజుకు రెండు గంటలు చేతిసాయం చేయండి. 2015 జనవరి 1 నుంచి నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి భోజనానికి గర్భిణులు, బాలింతలు వస్తారు. మూడేళ్లు దాటిన పిల్లలకు వేడి భోజనం పెడతారు, చిన్నవాళ్లకు నాచారంలో తయారయ్యే బాలామృతం ఇస్తారు. ఇన్నేళ్లూ మీరు కవర్లో కట్టి ఇచ్చారు, తినేవాళ్ల మొహం చూసే తీరిక మీకు దొరికి ఉండదు. ఇక్కడ కింద కూర్చుని చూడండి. మూడేళ్ల పిల్ల గుడ్డులో తెల్లసొన తిని పచ్చసొనను గుప్పిట్లో నలిపి కొంగుకు పూస్తుంది. అదే పచ్చసొనను అన్నంలో కలిపి చిన్న ముద్ద చేసి పక్కపిల్ల ముందు పెడితే, చూసి తానూ నోరు తెరుస్తుంది. ఈ ఓపిక వంటతో రాదు. నెల తిరిగేసరికి నడుం సహకరిస్తుందో లేదో, ఆ గోల మధ్య మీ బీపీ ఎలా ఉందో మీకే తెలుస్తుంది. అమ్మాయికీ ధైర్యం వస్తుంది. వీలైతే ఆహార భద్రత మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫాస్టాక్ శిక్షణ కూడా తీసుకోండి, ఆ సర్టిఫికెట్ మీ దరఖాస్తుకు బలం.

ఇంకొక్క పని మాత్రం ఈ వారంలోనే చేయండి. ఆ క్రెష్ వంటావిడతో వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడించమని ఏజెన్సీని అడగండి. ఇంగ్లీషు కోసం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె పేరు అడగండి. పొద్దున పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తుందో, ఏ గిన్నెలో వండుతుందో, ఏ పని దగ్గర రెండో మనిషి ఉంటే బాగుండుననిపిస్తుందో అడగండి. మీరు వస్తే తన జీతానికి ఏమైనా అవుతుందా అన్నది కూడా అడగండి. ఆమె ఏమందో నాకు రాయండి. మాట్లాడించడం కుదరదని ఏజెన్సీ అంటే, అదీ రాయండి. వేరే చోటు చూద్దాం.